నలుగురి ఇల్లు, ఒక్కటే అద్దె



టూలెట్ బోర్డు చూసి ఆశగా ఫోన్ చేస్తే ఓనరు అడిగే మొదటి ప్రశ్న "ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?" అని. బ్యాచిలర్స్ అనగానే చాలా ఫోన్లు అక్కడే ఆగిపోతాయి. పార్టీలు చేస్తారు, చప్పుడు చేస్తారు, అర్ధరాత్రి గేటు తీస్తారు అని ఓనర్లు పైకి కారణాలు చెబుతారు. చెప్పని కారణం ఇంకొకటి ఉంది. ఇంతమంది కుర్రాళ్లలో అద్దెకు జవాబు చెప్పేది ఎవరు? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ ప్రశ్న గురించే. ఒక ఇంట్లో కలిసి ఉండే స్నేహితులు ఓనరుకు అద్దె ఎలా కట్టుకుంటారు, ఎలా కట్టుకుంటే మంచిది అన్న విషయం.

హైదరాబాదునే తీసుకుందాం. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ సందుల్లో కంప్యూటర్ కోర్సులు నేర్చుకునేవాళ్లు, అశోక్ నగర్, చిక్కడపల్లిలో గ్రూప్స్‌కు చదివేవాళ్లు, కొండాపూర్, గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేసేవాళ్లు, అబ్బాయిలైనా అమ్మాయిలైనా, ఒంటరిగా ఇల్లు తీసుకునే స్థోమత లేక నలుగురైదుగురు కలుస్తారు. లెక్క తెలియడానికి ఒక ఇల్లు ఊహించుకుందాం. రెండు బెడ్‌రూములు, హాలు, వంటిల్లు. అద్దె నెలకు 28,000. రెండు నెలల అడ్వాన్సు, అంటే 56,000. అయిదో తారీఖులోపు అద్దె అందాలి. ఓనరు కింది పోర్షన్‌లో ఉండే రిటైరైన పెద్దమనిషి. ఇంట్లో నలుగురు కుర్రాళ్లు. వాళ్లకు పేర్లెందుకు, ఊళ్లతోనే పిలుచుకుందాం: ఖమ్మం, కర్నూలు, శ్రీకాకుళం, నల్లగొండ. రూముల్లో నిజంగా పిలుచుకునేదీ చాలావరకు అలాగే.

తలా ఏడు వేలు. చిన్నపిల్లాడైనా చేసే భాగహారం. కానీ ఈ ఇంట్లో బాకీలు రెండు ఉన్నాయి. మొత్తం 28,000 ఓనరుకు చెల్లించాల్సిన బాకీ. ఒక్కొక్కరి వంతు 7,000 తోటివాళ్లకు చెల్లించాల్సిన బాకీ. నేను విన్న రూమ్మేట్ల తగాదాల్లో ఎక్కువ భాగం ఈ రెండిటినీ ఒకటిగా అనుకోవడం వల్ల వచ్చినవే. "అంకుల్, నా ఏడు వేలు నేను ఇచ్చేశాను కదా, నల్లగొండ ఇవ్వకపోతే నన్నెందుకు అడుగుతారు?" అంటాడు కర్నూలు. అతని దృష్టిలో అది న్యాయమే. చట్టం మాత్రం అలా చూడదు.

మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 43వ సెక్షన్ ఉమ్మడిగా మాట ఇచ్చినవాళ్ల గురించి చెబుతుంది. నలుగురు కలిసి ఒకరికి డబ్బు ఇస్తామని ఒప్పుకుంటే, వేరేగా రాసుకోకపోతే, ఆయన ఆ నలుగురిలో ఎవరినైనా పట్టుకుని మొత్తం అడగవచ్చు. అంటే అద్దె అగ్రిమెంటు మీద నలుగురూ సంతకం పెట్టి ఉంటే, ఓనరు కర్నూలు కుర్రాడి దగ్గరే 28,000 వసూలు చేసుకోవచ్చు. అలా కట్టిన కర్నూలు మిగతా ముగ్గురి దగ్గర వాళ్ల వాటాలు రాబట్టుకోవచ్చు. ఒకవేళ నల్లగొండ చేతులెత్తేస్తే ఆ ఏడు వేల నష్టం ఎవరిది? మిగిలిన ముగ్గురూ సమానంగా మోయాలని అదే సెక్షన్ చెబుతోంది. తలా 2,333 రూపాయలు. దాని పక్కనే 44వ సెక్షన్ ఉంది. ఓనరు ఒకరిని "నువ్వు పో బాబూ, నీతో నాకు లెక్క లేదు" అని వదిలేసినా, మిగతావాళ్ల బాధ్యత పోదు.

ఇది విని భయపడి, "అయితే అగ్రిమెంటు ఒక్కడి పేరునే రాయించుకుందాం" అనేవాళ్లున్నారు. చాలా ఇళ్లలో జరిగేదీ అదే. ఉద్యోగం ఉన్నవాడి పేరున, లేదా ఓనరుకు బంధువుల ద్వారా తెలిసినవాడి పేరున రాస్తారు. అప్పుడు భారమంతా అతని నెత్తిన. మిగతా ముగ్గురికి బరువు లేదు, హక్కూ లేదు. రేపు అతనితో మాటామాటా వచ్చి "నా ఇంట్లోంచి పో" అంటే చూపించడానికి వాళ్ల దగ్గర కాగితం ముక్క ఉండదు. ఓనరుకు చెప్పకుండా మనుషులను చేర్చుకుంటే, ఇల్లు వేరేవాళ్లకు అద్దెకిచ్చావని అతని మీద ఫిర్యాదు వచ్చే వీలు కూడా ఉంది. నలుగురు ఉంటే నలుగురి పేర్లూ అగ్రిమెంటులో ఉండాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. అన్నట్టు, ఈ అగ్రిమెంట్లన్నీ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠంలో ఏడాది దాటిన లీజునే తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని ఉంది. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి ఒక నెల తగ్గిస్తారు. తెలుగు రాష్ట్రాల సవరణలో మాత్రం ఆ వెసులుబాటు లేదు.

సరే, పేర్లు రాశారు. ఇక ప్రతి నెలా డబ్బు ఎలా వెళ్లాలి?

కొన్ని ఇళ్లలో ఎవరి వంతు వాళ్లే నేరుగా ఓనరుకు పంపుతారు. 2016లో యూపీఐ వచ్చాక ఇది చాలా తేలికైంది. పంపేవాళ్లకు తేలిక, ఓనరుకు కాదు. ఆయన ఫోనుకు ఒకటిన ఒక ఏడు వేలు, మూడున ఇంకో ఏడు వేలు, ఆరున 6,500 వస్తాయి. ఆ 6,500 ఎవరిది, అయిదు వందలు ఎందుకు తగ్గింది? మోటారు రిపేరుకు తాను పెట్టిన డబ్బు మినహాయించుకున్నానని శ్రీకాకుళం ఎవరికో చెప్పాడు, ఆయనకు చెప్పలేదు. ఆ సాయంత్రం మెట్ల మీద ఎదురైనవాణ్ణి ఆపి అడుగుతారు. ఎదురయ్యేది ఎప్పుడూ డబ్బు కట్టినవాడే. కట్టనివాడు ఆ వారమంతా చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు.

ఇంకో పద్ధతి నెలకొకరు మొత్తం కట్టడం. జనవరి ఖమ్మం, ఫిబ్రవరి కర్నూలు, మార్చి శ్రీకాకుళం, ఏప్రిల్ నల్లగొండ. వసూళ్లు లేవు, లెక్కలు లేవు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. మార్చి నెలాఖరున నల్లగొండ ఉద్యోగం పోయిందనుకోండి. మూడు నెలలు మిగతావాళ్ల డబ్బుతో ఇంట్లో ఉన్నట్టయింది, తన వంతు వచ్చేసరికి చేతిలో రూపాయి లేదు. అతను మోసగాడు కాడు, ఆ ఏర్పాటే అలాంటిది. నాలుగు నెలలకు ఒకసారి 28,000 ఒకేసారి తీయగలిగిన కుర్రాళ్లు ఎంతమంది?

ఎక్కువ ఇళ్లలో నడిచేది మూడో పద్ధతి. ఒకరు అందరి దగ్గరా వసూలు చేసి ఓనరుకు ఒకేసారి పంపుతారు. నా ఓటు దీనికే. ఓనరుకు నెలకు ఒక్క జమ, ఒక్క మనిషితో మాట. కానీ ఈ వసూలు చేసేవాడి బతుకు ఎవరికీ పట్టదు. "మామా, ఈ నెల నాది కూడా నువ్వే వేసెయ్, జీతం పడగానే ఫోన్‌పే కొడతా" అన్న మాట వినేది అతనే. చేబదులు ఇచ్చేది అతనే, పదిహేనో తారీఖున గుర్తుచేసి పిసినారి అనిపించుకునేదీ అతనే. అందుకని ఈ పని ఒకే మనిషికి ఏళ్ల తరబడి అంటగట్టకూడదు. ఆరు నెలలకు ఒకరు మారాలి. వసూళ్ల బాధ ఒకసారి అనుభవించినవాడు తర్వాత తన వంతు ఆలస్యం చేయడు.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. ముగ్గురి దగ్గర డబ్బు తీసుకుని, తన అవసరానికి వాడుకుని, ఓనరుకు వచ్చే వారం ఇస్తానని చెప్పేవాళ్లు లేకపోలేదు. మిగతావాళ్లకు ఆ సంగతి ఓనరు తలుపు తట్టినప్పుడు గానీ తెలియదు. దీనికి మందు చిన్నది. ఓనరుకు పంపిన వెంటనే, ఆ నిమిషమే, స్క్రీన్‌షాట్ ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పంపేటప్పుడు కింద "జూన్ అద్దె, నలుగురిది" అని రెండు ముక్కలు రాయాలి. అపనమ్మకమని ఎవరూ అనుకోనక్కర్లేదు. గుళ్లో చందా ఇచ్చినా రసీదు తీసుకునేవాళ్లం.

తారీఖుల సంగతి చెప్పాలి. ఈ నలుగురికీ డబ్బు ఒకే రోజున రాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి నెలాఖరున జీతం పడుతుంది. ఫుడ్ డెలివరీ చేసేవాడికి వారం వారం పడుతుంది. గ్రూప్స్‌కు చదివేవాడికి నాన్న పంపాలి, ఆ నాన్నకు మిర్చి అమ్మిన డబ్బు చేతికి రావాలి. ఓనరుకు అయిదో తారీఖు అయితే ఇంట్లోవాళ్ల గడువు అయిదు కాకూడదు, రెండో మూడో కావాలి. ఆ మధ్య రెండు మూడు రోజులు వసూలు చేసేవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి. దానితోపాటు ఇంట్లో చేరేటప్పుడే తలా రెండు వేలు పక్కన పెట్టుకుంటే ఎనిమిది వేలవుతుంది. ఏ నెలైనా ఒకరి వంతు ఏడు వేలు తప్పినా అద్దె ఆగదు. తప్పినవాడు తర్వాతి నెలలో ఆ నిధిని నింపాలి. స్నేహితుణ్ణి చేబదులు అడగడం కంటే అందరి నిధిలోంచి తీసుకోవడం గౌరవంగా ఉంటుంది. ముఖాలు మాడవు.

ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇందులో ఇంకో తిరకాసు ఉంది, అది హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం. పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లు అద్దె కట్టినట్టు రుజువు చూపించి మినహాయింపు పొందుతారు. కొత్త పద్ధతిలో ఆ మినహాయింపు లేదు. డబ్బంతా ఖమ్మం ఖాతా నుంచే ఓనరుకు వెళితే, కాగితం మీద అద్దె కట్టినవాడు ఖమ్మం ఒక్కడే. కర్నూలు తన 7,000కు ఆఫీసులో ఏం చూపిస్తాడు? అగ్రిమెంటులో పేరు, ఖమ్మంకు తాను పంపిన డబ్బు తాలూకు బ్యాంకు వివరం, ఓనరు ఇచ్చిన రసీదులో తన వాటా, ఈ మూడూ ఉంటే దారి ఉంటుంది. కాబట్టి ఓనరును రసీదు నలుగురి పేర్లతో, ఎవరి వాటా ఎంతో రాసి ఇవ్వమని అడగాలి. నగదు ఇస్తే, అది అయిదు వేలు దాటితే, రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. ఉద్యోగి చూపించే అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కూడా ఇవ్వాలి. కొందరు తెలివైనవాళ్లు నలుగురి అద్దెనూ తామొక్కరే కట్టినట్టు ఆఫీసులో చూపించేస్తుంటారు. అది తెలివి కాదు, తప్పుడు లెక్క. నోటీసు వస్తే మిగతా ముగ్గురూ సాక్షులుగా కూర్చోవాలి.

ఇప్పటిదాకా తలా ఏడు వేలు అని లెక్క వేసుకున్నాం. అన్ని గదులూ ఒకటి కావు కదా. ఒక గదికి అటాచ్డ్ బాత్రూమ్, బాల్కనీ ఉంటాయి. ఇంకో గది కిటికీ పక్కింటి గోడలోకి తెరుచుకుంటుంది. ఎవరికి ఏది, ఎంతకు? ముందు వచ్చినవాడికి మంచి గది అనే పద్ధతి నాకు నచ్చదు. దీని మీద గణితవేత్తలు నిజంగానే ఆలోచించారు. ఫ్రాన్సిస్ సూ అనే అమెరికా గణితవేత్త 1999లో ఇదే సమస్య మీద ఒక వ్యాసం ప్రచురించాడు. ఎవరూ పక్కవాడి గదిని చూసి అసూయ పడనవసరం లేని విధంగా అద్దెను పంచవచ్చని, మామూలు షరతులకు లోబడి, అందులో చూపించాడు.

ఆ గణితం మనకెందుకు గానీ, అదే పని చేసే తేలిక దారి ఒకటి చీటీ పాట తెలిసిన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. గదిని పాట పెట్టడమే. లెక్క తేలిగ్గా ఉండటానికి ఇద్దరే ఉన్నారనుకుందాం, అద్దె 24,000. ఇద్దరూ ఒకరికొకరు చూపించకుండా చీటీ రాయాలి, రెండు గదులకూ కలిపి 24,000 అయ్యేలా. ఖమ్మం పెద్ద గదికి 14,000, చిన్నదానికి 10,000 రాశాడు. కర్నూలు పెద్దదానికి 13,000, చిన్నదానికి 11,000 రాశాడు. పెద్ద గది మీద మోజు ఎక్కువ ఖమ్మంకు, కాబట్టి అది అతనికే. ధర ఇద్దరూ రాసినదానికి నడిమధ్య, 13,500. కర్నూలుకు చిన్న గది 10,500కు వస్తుంది. ఖమ్మం తాను అనుకున్నదానికంటే అయిదు వందలు తక్కువ కడుతున్నాడు, కర్నూలు కూడా అంతే. ఇద్దరికీ లాభమే. ముగ్గురు నలుగురు ఉంటే లెక్క కాస్త పెరుగుతుంది, అంతే. అయితే ఒక జాగ్రత్త. వాటాలు సమానం కానప్పుడు తప్పకుండా రాసిపెట్టుకోవాలి. ఎందుకంటే ఇందాక చెప్పిన చట్టం, వేరే ఒప్పందం కనపడకపోతే, అందరివీ సమాన వాటాలే అనుకుంటుంది.

ఊరెళ్లినప్పుడు? సంక్రాంతికి పన్నెండు రోజులు శ్రీకాకుళం వెళ్లొచ్చిన కుర్రాడు అద్దె తగ్గించమంటే తగ్గించకూడదు. మంచం, బీరువా అక్కడే ఉన్నాయి, గది అతని కోసం ఆగి ఉంది. వంటమనిషి ఖర్చు, కరెంటు బిల్లు మాటైతే రోజుల లెక్క చూడవచ్చు. కోచింగ్ కోసం తమ్ముడు వచ్చి రెండు నెలలు హాల్లో ఉంటే మాత్రం ఆ అన్న రెండో మనిషి ఖర్చు తానుగా ఇవ్వాలి, అడిగించుకోకూడదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు అడ్వాన్సు దగ్గర వస్తుంది. తలా 14,000 వేసి 56,000 ఇచ్చారు. ఏడాది తర్వాత ఖమ్మంకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. అతని స్థానంలో వరంగల్ చేరాడు. మామూలుగా జరిగేదేమిటంటే వరంగల్ 14,000 ఖమ్మం చేతిలో పెడతాడు, ఖమ్మం వెళ్లిపోతాడు, ఓనరుకు ఈ సంగతే తెలియదు. ఇంకో ఏడాది గడిచింది, అందరూ ఖాళీ చేస్తున్నారు. ఓనరు పెయింటింగ్‌కని ఒక నెల అద్దె, 28,000 పట్టుకున్నారు. మన దగ్గర ఇది అలవాటైన కోతే. వరంగల్ చేతికి వచ్చింది 7,000. గోడకు మేకులు కొట్టింది, పోస్టర్లు అంటించింది ఖమ్మం. అతనికి రూపాయి నష్టం లేదు.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. పెయింటింగ్‌లో తలా వాటా 7,000. రెండేళ్ల కాపురంలో ఖమ్మం ఒక ఏడాది ఉన్నాడు కాబట్టి అతని భాగం 3,500. వెళ్లేరోజున వరంగల్ దగ్గర 14,000 బదులు 10,500 తీసుకోవాలి. అంతేకాదు, ఓనరుకు చెప్పి, అగ్రిమెంటులో ఖమ్మం పేరు కొట్టేయించి వరంగల్ పేరు చేర్పించాలి. లేకపోతే బెంగళూరులో ఉన్న ఖమ్మం పేరు ఈ ఇంటి బాకీకి అంటుకునే ఉంటుంది, ఇక్కడున్న వరంగల్‌కు తాను కట్టిన అడ్వాన్సు తనదని చెప్పుకోవడానికి ఆధారం ఉండదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాస ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటే తప్ప అమలుకాదు. మన చేతిలో ఉన్నది అగ్రిమెంటులో ఆ పెయింటింగ్ కోత ఎంతో ముందే రాయించుకోవడం.

అమెరికా వెళ్లిన మన పిల్లలకూ ఇది తప్పదు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లోనో, న్యూజెర్సీలో ఎడిసన్‌లోనో ఒక అపార్ట్‌మెంటులో అయిదారుగురు చేరతారు. అక్కడి లీజుల్లో "జాయింట్ అండ్ సెవరల్" అనే షరతు సర్వసాధారణం. అంటే మన 43వ సెక్షన్ చెప్పిందే, ఎవరినైనా మొత్తానికి అడగవచ్చని. ఒక్కరి వంతు పడకపోతే ఆలస్య రుసుము ఇల్లంతటికీ పడుతుంది. కేసు దాకా వెళితే లీజులో పేరున్నవాళ్లకు తర్వాత ఇంకో ఇల్లు దొరకడం కష్టమవుతుంది. వేసవిలో ఇంటర్న్‌షిప్‌కని వేరే ఊరు వెళుతూ తన గదిని ఇంకొకరికి అప్పగించి, యాజమాన్యానికి చెప్పకుండా పోయేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. మీరు గదిలో లేకపోయినా మీ పేరు లీజులో ఉంది.

మంచానికి ఇంత అని వసూలు చేసే పీజీ హాస్టళ్లలో ఈ గొడవేమీ లేదు. ఎవరి బాకీ వాళ్లదే. ఆ నిశ్చింతకు, భోజనానికి కలిపి నెలనెలా ధర కడతారు, వంటింటి మీద మాత్రం హక్కుండదు. ఎవరిష్టం వాళ్లది.

కలిసి ఇల్లు తీసుకున్న శ్రోతలకు చివరగా ఒక మాట. ఈ ఆదివారం తీరిక చేసుకుని మీ అగ్రిమెంటు ఒకసారి బయటకు తీయండి. అందులో ఎన్ని పేర్లున్నాయి, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, రెండు లెక్కలూ సరిపోతున్నాయో లేదో చూడండి. సరిపోకపోతే వచ్చే నెల అద్దె ఇచ్చేరోజునే ఓనరుతో మాట్లాడి పేర్లు సరిచేయించుకోండి. అద్దె సరైన సమయానికి చేతికందిన రోజున ఏ ఓనరైనా మాట వింటాడు.